నరము ఒకచోట, ఫలము వేరొకచోట

చార్మినారు నుండి ఉత్తరముగా నడచి, నయాపూలు వంతెన మీదుగా మూసీనదిని దాటినచో అఫ్జల్‌గంజ్ వచ్చును. నేటి ఉస్మానియా ఆసుపత్రికి పూర్వము అచ్చట అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి యుండెడిది. అందు శస్త్రచికిత్సలు చేయుచు, నగరములోని వైద్య పాఠశాలకు అధిపతిగా నుండిన ఎడ్వర్డ్ లారీ అను ఆంగ్లేయ వైద్యుడు 1888లోను, 1889లోను క్లోరోఫారమ్ అను మత్తుమందును గూర్చి రెండు పరిశోధక సంఘములను నడిపెను. రెండవ సంఘమునకు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయము చేయగా, లండను నుండి లాడర్ బ్రంటన్ అను శాస్త్రజ్ఞుడు హైదరాబాదు వచ్చెను.

క్లోరోఫారమ్ వలన మరణము సంభవించినపుడు మొదట ఆగునది శ్వాసయా, గుండెయా? ఇదియే వారి ప్రశ్న. 400కు పైగా జంతువులపై వారు ప్రయోగములు చేసిరి. వానిలో మన విషయమునకు సంబంధించినది ఒకటి కలదు. మెడలో నుండి గుండెకు పోవు వేగస్ నరమును విద్యుత్ప్రవాహముతో ప్రేరేపించి వారు గుండె వేగమును పరిశీలించిరి. ఈ నరమును ప్రేరేపించిన గుండె నెమ్మదించునని జర్మనీలో వెబర్ సోదరులు 1845లోనే కనుగొనియుండిరి. విద్యుత్తు తాకినది మెడలో. మార్పు కలిగినది గుండెలో. నరము ఒకచోట, ఫలము వేరొకచోట!

ఈ సూత్రమునే ఇప్పుడు వైద్యులు మూత్రాశయపు బాధ నొకదానిని తగ్గించుటకు వాడుచున్నారు. మూత్రాశయము కండరముతో నేర్పడిన సంచి. పెద్దవారిలో అది సుమారు 300 నుండి 500 మిల్లీలీటర్ల వరకు పట్టును. అది నిండుచున్న వార్త నరముల ద్వారా వెన్నుపామునకును, అచ్చటి నుండి మెదడునకును చేరును. తగిన సమయము వచ్చువరకు మెదడు కండరమును అణచి యుంచును. కొందరిలో ఈ అదుపు తప్పును. సంచి నిండకుండగనే ఆపుకొనలేని తొందర కలుగును. పగలు మాటిమాటికి, రాత్రి నిద్ర చెడగొట్టుకొని లేవవలసి వచ్చును. కొందరికి దారిలోనే బట్టలు తడియును. దీనినే అతి చురుకు మూత్రాశయము అనవచ్చును. ప్రాణము తీయు వ్యాధి కాకపోయినను, సిగ్గుచేత చాలమంది దీనిని ఎవరికిని చెప్పక, బస్సు ప్రయాణములను, పెండ్లి విందులను మానుకొని బ్రదుకుదురు.

మూత్రాశయమునకు విద్యుచ్చికిత్స కొత్త కాదు. డెన్మార్కులో సాక్స్‌టార్ఫ్ అను వైద్యుడు 1878లోనే, మూత్రము బంధించినవారికి, మూత్రాశయములోనికి విద్యుత్తును పంపి చూచెను. శతాబ్దము గడచిన పిదప, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున టనాగో, ష్మిట్ అనువారు నడుము క్రింది త్రికాస్థి వద్ద నరము ప్రక్కన విద్యుత్తీగెను అమర్చు పద్ధతిని రూపొందించిరి. 1997లో ఆ దేశప్రభుత్వము దానిని ఆమోదించినది. కాని అందులకు శస్త్రచికిత్స కావలెను.

శరీరమును కోయకుండ ఆ నరములను చేరు మార్గము లేదా? శరీర నిర్మాణమే సమాధాన మిచ్చినది. కాలి వెనుకగా చీలమండ వరకు దిగు టిబియల్ నరమునకు మూలమైన వేళ్లలో కొన్ని, మూత్రాశయపు నరములు బయలుదేరు వెన్నుపాము భాగముననే కలవు. చీలమండకు పైన లోపలివైపున గల ఒక స్థానమున చైనా సూదివైద్యులు పూర్వము నుండియు మూత్రబాధలకు సూది గ్రుచ్చుచుండిరి. ఆ ఆచారమును గమనించిన మెక్‌గ్వైర్ అను అమెరికా వైద్యుడు చర్మముపై పలకలనుంచి ఈ నరమును ప్రేరేపించి, ఫలితములను 1983లో ప్రకటించెను. స్టోలర్ అను మరియొక వైద్యుడు సన్నని సూదితో చేయు పద్ధతిని 1999లో వెల్లడించెను.

ఆ పద్ధతి సులభమైనది. చీలమండకు సుమారు 5 సెంటీమీటర్ల పైన, వెండ్రుకవంటి సూదిని దింపుదురు. చిన్న బ్యాటరీ పెట్టె నుండి సెకనుకు 20 స్పందనములు పోవును. బొటనవ్రేలు ముడుచుకొనినచో నరము దొరికినదని గుర్తు. ఒక్కొక్క పర్యాయము 30 నిమిషములు, వారమునకు ఒకసారి, 12 వారములు చేయుదురు. సూది లేకుండ పలకలతోనే చేయు విధానము కూడ ఉన్నది.

అయితే గుణము విద్యుత్తువలననేనా, లేక చికిత్స జరుగుచున్నదను నమ్మకము వలననా? ఇచ్చట హైదరాబాదు కథయే మనకు పాఠము. క్లోరోఫారమ్ వలన గుండె సూటిగా ఆగదని లారీ బృందము నిశ్చయించినది. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు, మత్తు స్వల్పముగా నున్నపుడే పిల్లుల గుండె అకస్మాత్తుగా లయ తప్పి ఆగిపోవచ్చునని నిరూపించెను. వందలకొలది ప్రయోగములు చేసియు, మరణము సంభవించు అసలు పరిస్థితిని పరీక్షింపకున్నచో సత్యము చిక్కదు.

ఈ విషయమున చీలమండ చికిత్సను పరీక్షించినవారు జాగ్రత్త వహించిరి. 2010లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో 220 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు నిజమైన చికిత్సను, వేరొకదానికి సూది దిగినట్లు తోపించు నకిలీ చికిత్సను చేసిరి. మొదటి జట్టులో 54.5 శాతము, రెండవదానిలో 20.9 శాతము మందికి మేలు కనిపించినది. నకిలీ చికిత్సతోడనే ప్రతి అయిదుగురిలో ఒకరికి గుణము కలిగినదని గమనింపుడు! పోల్చి చూడనిచో ఆ మేలును కూడ మనము విద్యుత్తు ఖాతాలో వ్రాసికొనియుందుము.

ఇది అందరికిని పనిచేయదు. మేలు నిలుచుటకు అప్పుడప్పుడు మరల చేయించుకొనవలెను. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికిని, గర్భిణులకును తగదు. మధుమేహము, మూత్రనాళములలో క్రిములు చేరుట మొదలగు కారణములను వైద్యులు ముందుగా పరీక్షింతురు. మూత్రాశయమునకు అలవాటు నేర్పుట, మందులు మొదలగునవి ముందు ప్రయత్నింపదగినవి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో మాటిమాటికి బయటకు పోవుటకు అనుమతి కోరు బాలునిగాని, బాలికనుగాని పాఠము తప్పించుకొనుచున్నారని గద్దింపకుడు. ఆ బిడ్డ మూత్రాశయమునకును మెదడునకును నడుమ వార్త సరిగా నడచుట లేదేమో! పదిమందిలో అడుగక, ప్రక్కకు పిలిచి నెమ్మదిగా విచారించి, తలిదండ్రులకు చెప్పి వైద్యునికి చూపింపుడు. సిగ్గు తొలగిన నాడే చికిత్స మొదలగును.