సూర్యకుటుంబం పుట్టుక, బందరు గ్రహణం

సూర్యుడి చుట్టూ గ్రహాలన్నీ ఒకే దిశలో, దాదాపు ఒకే తలంలో తిరుగుతాయి. అన్నిటికన్నా వాలుగా ఉన్న బుధుడి కక్ష్య కూడా భూకక్ష్య నుంచి 7 డిగ్రీలే వంగి ఉంది. లోపల నాలుగు చిన్న రాతి గ్రహాలు, బయట నాలుగు భారీ గ్రహాలు. ఇంత పొందిక కాకతాళీయం కాదని 1755లో కాంట్, 1796లో లాప్లాస్ విడివిడిగా ఒకే ఊహకు వచ్చారు: తిరుగుతున్న వాయుమేఘం ఒకటి కుంచించుకుపోయి మధ్యలో సూర్యుడైంది, చుట్టూ పళ్లెంలా పరచుకున్న పదార్థం గ్రహాలైంది. ఆ ఊహ నిలవాలంటే సూర్యుడు దేనితో అయ్యాడో తెలియాలి. గ్రహం కాలేక మిగిలిన ముక్కలూ కంటపడాలి. ఈ రెండు వెతుకులాటల్లోనూ పాలుపంచుకున్న ఒక మనిషి 1868లో బందరు (మచిలీపట్నం) వచ్చారు.

బందరులో గ్రహణం

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సముద్రంలోకి సాగింది. రెంటికీ నడుమ కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం కూడా ఆ నీడ దారిలోనే ఉంది. ఇది ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రం కాదు; ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు కొలువైన ఊరు. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, బ్రిటిష్ అధికారి టెనెంట్ పరికరాలు నిలిపారు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం ఎంచుకున్నారు. అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో పరిశీలించారు.

సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో విడదీస్తే మెరిసే గీతలు కనబడ్డాయి, అంటే అవి వేడి వాయువులన్నమాట. వాటిలో ఒకటి సోడియం గీతల దగ్గర పసుపు రంగులో మెరిసింది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ ఆ గీతను గ్రహణం లేకుండానే చూసి, అది సోడియంది కాదని తేల్చారు. కొత్త మూలకానికి హీలియం అని పేరు వచ్చింది. భూమి మీద దాన్ని రామ్సే పట్టుకునేసరికి 1895 అయింది. ఈ కథలో గుంటూరు పేరు తరచూ వినిపిస్తుంది. పోగ్సన్ పరిశీలించిన బందరు పేరు కూడా దాని పక్కనే ఉండాలి.

హీలియం వంశచిహ్నం లాంటిది. సూర్యుడి ద్రవ్యరాశిలో అది దాదాపు నాలుగో వంతు. 1995లో గెలీలియో నౌక జారవిడిచిన పరికరం గురుగ్రహపు వాతావరణంలోనూ ఇంచుమించు అంతే చూసింది. ఇద్దరూ ఒకే మేఘం పిల్లలు. ఆ తేలిక వాయువును పట్టి ఉంచే బలం భూమికి లేదు.

ఎక్కడ ఏది మిగిలింది

కృష్ణ తెచ్చే ఒండ్రులో బరువైన ఇసుక ముందే దిగిపోతుంది, సన్నటి బురద సముద్రతీరంలోని హంసలదీవి దాకా వస్తుంది. ఆదిలో సూర్యుడి చుట్టూ ఉన్న పళ్లెంలోనూ ఇలాంటి ఏరివేతే జరిగింది. కాకపోతే అక్కడ ఏరింది బరువు కాదు, వేడి. సూర్యుడి దగ్గర రాయి, లోహం మాత్రమే గట్టిపడ్డాయి. హిమరేఖ దాటాక నీరు కూడా మంచుగా నిలిచింది. ముడిసరుకు పెరగడంతో అక్కడి గ్రహాలు వేగంగా బలిసి, వాయువును తమవైపు లాక్కున్నాయి. ఉల్కల్లో దొరికిన అతి పాత రేణువుల వయసు దాదాపు 456.7 కోట్ల ఏళ్లు.

దూరాల లెక్క

భూమి దూరాన్ని 10 అనుకుంటే గ్రహాల దూరాలు 4, 7, 10, 16, 28, 52, 100 వరుసలో వస్తాయని 1766లో టిటియస్, 1772లో బోడే చెప్పారు. 1781లో దొరికిన యురేనస్ ఈ లెక్కకు దగ్గరగా వచ్చింది. ఖాళీగా ఉన్న 28 దగ్గర 1801 జనవరి 1న సెరిస్ కనబడింది. నెప్ట్యూన్ మాత్రం లెక్క ప్రకారం 388 దగ్గర ఉండాల్సింది, 301 దగ్గరే ఉంది. కాబట్టి దీన్ని నియమం అనడం సరికాదు.

28 దగ్గర ఉన్న సెరిస్ లాంటి ముక్కలు పగిలిన గ్రహానివని ఒకప్పుడు అనుకునేవారు. నిజానికి అవి గురువు ఆకర్షణ వల్ల ఒక్కటి కాలేకపోయిన సరుకు. పోగ్సన్ మద్రాసు నుంచే ఆ ముక్కల్లో కొన్నింటిని పట్టారు. 1861 ఏప్రిల్ 17న దొరికిన ఏషియా మన ఖండం నుంచి కనుగొన్న మొదటి గ్రహశకలం. 1866లో దొరికిన సిల్వియాకు రెండు చందమామలున్నాయని 2005లో తేలింది. బందరు గ్రహణమైన మూడు నెలలకు, 1868 నవంబరు 17న, ఆయనకే కమిల్లా కనబడింది. భూమి దూరానికి మూడున్నర రెట్ల దూరంలో, ఆరున్నరేళ్లకోసారి అది సూర్యుణ్ణి చుట్టి వస్తోంది.