గోడే సగం స్పీకరు

బి.కొత్తకోటలో మా నడిమింట్లో సౌండ్‌బార్ బిగించిన రాత్రి అందరం సినిమా పెట్టుకుని కూర్చున్నాం. ఫైటు మొదలవగానే కిటికీ అద్దాలు అదిరాయి, పిల్లలు ఈలలేశారు. అవ్వ మాత్రం, "సప్పుడు బాగుండాది గానీ, ఆయప్ప ఏం మాట్లాడతా ఉండాడో ఒక్క ముక్కా తెలీలేదు నాయనా" అంది.

సినిమా ధ్వనిని మార్చిన పెద్ద ఆలోచన కూడా ఇలాంటి అసంతృప్తి నుంచే పుట్టింది. అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1931లో కాబోయే భార్యతో సినిమాకు వెళ్లాడు. నటుడు తెర మీద ఒక పక్కనుంటే గొంతు ఇంకో పక్కనుంచి వస్తోంది. గొంతు మనిషి వెంటే నడిచేలా చేయగలనని ఆమెతో అన్నాడట. ఆ డిసెంబరులోనే స్టీరియోకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1935లో తీసిన పరీక్ష ఫిల్ములో మనుషులు అటూ ఇటూ నడుస్తుంటే మాటలూ వాళ్లతోపాటే నడిచాయి.

తర్వాత ఇళ్లలో ఇంకో చిక్కు వచ్చింది. పాత టీవీకి వెనకాల పొట్ట ఉండేది, స్పీకరుకు చోటుండేది. టీవీ పలకలా పల్చబడేసరికి స్పీకర్లు చిక్కిపోయి కిందికో వెనక్కో తిరిగాయి. గది చుట్టూ ఐదు స్పీకర్లు పెట్టి వైర్లు లాగే ఓపిక ఎందరికుంటుంది? కేంబ్రిడ్జిలో టోనీ హూలీ బృందం పట్టుకున్న ఉపాయంతో యమహా 2004లో వైఎస్‌పీ-1 తెచ్చింది. ఒకే పెట్టెలో 40 బుల్లి స్పీకర్లు, 2 పెద్దవి. బుల్లి స్పీకర్లు ఒకదాని తర్వాత ఒకటి, సెకనులో అతి చిన్న వంతు తేడాతో పలికితే, శబ్దమంతా టార్చి వెలుగులా ఒక దిక్కుకే పోతుంది. పక్క గోడకు కొట్టుకుని తిరిగొచ్చి, స్పీకరు అక్కడే ఉందనిపిస్తుంది. అద్భుతమైన ఆలోచన! ఇప్పటి బార్లన్నీ అలాంటివి కావు గానీ, పక్కలకు చూసే స్పీకర్లున్న ఏ బారుకైనా గోడే దిక్కు.

మా నడిమింటికి ఒక పక్క గోడ, ఇంకో పక్క వసారా తలుపు. తెరిచి పెడితే సగం శబ్దం వీధిపాలు. పైన స్లాబు, కింద నున్నటి గ్రానైటు. చప్పట్లు కొడితే గింగురుమంటుంది. తలుపు మూశాను, జంపకానా పరిచాను, కర్టెన్లు కట్టాను. మూలనున్న సబ్‌వూఫర్‌ను ముందుకు జరిపాను. మూలలో బేస్ ఉబ్బి మాటను మింగేస్తుంది. పైగా వయసుతో చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నటి శబ్దాలను. 'స', 'ష'లు వాటి మీదే బతుకుతాయి.

ఏది బాగా పలుకుతుందో తీర్పు చెప్పడానికీ ఒక పద్ధతుంది. స్పీకరు కంటికి కనిపిస్తే వినేవాళ్లు వేసే మార్కులు మారిపోతాయని ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో చూపించారు. అందుకే వాళ్లు స్పీకర్లను తెర వెనక పెట్టి వినిపించారు. శబ్దం ఒకే స్థాయిలో ఉండాలి కూడా, లేకపోతే గట్టిగా మోగిందే గెలుస్తుంది. నేను బారు మీద పల్చటి చీర కప్పి, టీవీ శబ్దమూ బారు శబ్దమూ సమానం చేసి, వార్తలు మార్చి మార్చి వినిపించాను. విన్నది అవ్వ చేత చెప్పించాను.

నాలుగో రాత్రి మళ్లీ అదే సినిమా పెట్టాం. విలన్ గొంతు తగ్గించి తమ్ముడితో ఏదో అంటున్నాడు.

"నమ్మొద్దురా, వాడు అబద్ధం చెప్తా ఉండాడు!" అని అరిచింది అవ్వ.