సముద్రం దాటిన పీర్లు

పీర్ల పండుగ ఎవరిది అని అడిగితే మా ఎమ్మిగనూరు, ఆదోని పల్లెల్లో పెద్దవాళ్లు వింతగా చూస్తారు. ఊరిది అంటారు. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని పల్లెలో పీర్ల చావిడి ఉంటుంది. బోయలు, కురువలు పీరును ఎత్తుకుంటారు. మాదిగల డప్పు మోగకుండా పీరు కదలదు. మొక్కుకుని కన్న బిడ్డకు హుసేనప్ప అనో, హుసేనమ్మ అనో, దస్తగిరి అనో పేరు పెడతారు. ఆ పేరు పెట్టుకున్నవాడు హిందువా ముస్లిమా అని ఊళ్లో ఎవరికీ అనుమానం రాదు.

ఈ అనుమానం ఇప్పుడు బయటి నుంచి తెచ్చి పెడుతున్నారు. ఒక పక్క మావాళ్లే కొందరు, ఇది ఇస్లాం కాదు, వదిలెయ్యండి అంటారు. ఇంకో పక్క ఇంకొందరు, మీరు ఈ నేల మనుషులే కాదు, మీ పీర్లతో మావాళ్లకేం పని అంటారు. ఇద్దరూ కోరేది ఒకటే. పీరు మీద రెండు చేతులు కలిసి పడకూడదు. ఈ తగవులో సాక్ష్యానికి మేము చాలా దూరం పోదలచుకున్నాం. వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవికి.

క్రికెట్ వినేవాళ్లకు ట్రినిడాడ్ అంటే బ్రయాన్ లారా పుట్టిన చోటు. మాకు అది కూలీల దీవి. 1838 నాటికి బ్రిటిష్ కరేబియన్‌లో నల్లవాళ్ల బానిసత్వం ముగిసింది. చెరుకు తోటల దొరలకు చవక కూలీలు కావలసి వచ్చారు. 1845 మే 30న 'ఫతేల్ రజాక్' అనే ఓడ కలకత్తా నుంచి సుమారు 225 మందిని అక్కడ దించింది. 1917 వరకు దాదాపు 1,44,000 మంది అలా పోయారు. ఎక్కువమంది బీహారు, తూర్పు యు.పి. వాళ్లు. మద్రాసు రేవు నుంచి పోయిన కొద్దిమందిలో తమిళులూ తెలుగువాళ్లూ ఉన్నారు. మా ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1876-78 కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. ఆకలీ అప్పూ మనుషుల్ని ఓడల వైపు తోసిన కాలం అది.

ఓడలో ఒకే గంజి, ఒకే నీళ్లు. కులం నిలవలేదు. పక్కన పడుకున్నవాడు జహాజీ భాయి అయ్యాడు. కూలీలు తమతో తీసుకుపోయిన వాటిలో మొహర్రం ఒకటి. 'యా హుసేన్' అనే పిలుపే అక్కడ 'హోసే' అయింది. ఇప్పటికీ పోర్ట్ ఆఫ్ స్పెయిన్ దగ్గర సెయింట్ జేమ్స్‌లో, దక్షిణాన సెడ్రోస్‌లో హోసే జరుగుతుంది. మనకు చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు ఉన్నట్టే వాళ్లకు చిన్న హోసే, పెద్ద హోసే. వెదురుతో, రంగు కాగితాలతో తాజియాలు కడతారు. దాన్ని తాజా అంటారు. కట్టినన్నాళ్లూ మాంసం, మద్యం ముట్టరు. హసన్ పేర ఆకుపచ్చ చంద్రుణ్ణీ హుసేన్ పేర ఎర్ర చంద్రుణ్ణీ భుజాన ఎత్తుకుని ఆడతారు. మన తాషా అక్కడ 'తస్సా'. చివరికి తాజియాలను సముద్రంలో కలుపుతారు. వాయించేవాళ్లలో, మోసేవాళ్లలో హిందువులున్నారు, ఆఫ్రికా సంతతి నల్లవాళ్లూ ఉన్నారు.

ఇది దొరలకు నచ్చలేదు. 1884లో చక్కెర ధర పడిపోయింది. తోటల్లో సమ్మెలు జరుగుతున్నాయి. వేర్వేరు తోటల కూలీలు డప్పులతో ఒక్క చోట చేరితే ఏమవుతుందోనని భయం. ఊరేగింపులు పట్టణాల్లోకి రాకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. సూఖూ అనే అతనూ మరో 31 మందీ అర్జీ పెట్టుకున్నారు. వినలేదు. ఆ ఏడు అక్టోబర్ 30, మొహర్రం పదో రోజు, శాన్ ఫెర్నాండో పట్నం పొలిమేరల్లో తాజియాలు మోసుకొస్తున్న జనం మీద కాల్పులు జరిపారు. ఇరవై మంది దాకా చనిపోయారు. వందమందికి పైగా గాయపడ్డారు. ఆ జనంలో ఎక్కువమంది హిందువులు. కర్బలాలో అమరుడైన హుసేన్ కోసం కరేబియన్ దీవిలో హిందూ కూలీలు ప్రాణం వదిలారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ మాట ఎక్కడైనా చదివామా?

ఇంకో తొమ్మిదేళ్లకు, 1893లో, బొంబాయిలో మతకల్లోలాలు జరిగాయి. ఆ తర్వాత తిలక్ నాయకత్వంలో గణేశ ఉత్సవాలు వీధుల్లోకి వచ్చాయి. మొహర్రానికి దూరంగా ఉండమని హిందువులకు పిలుపులు వచ్చాయి. మహారాష్ట్ర పట్టణాల్లో డోలీల ముందు ఆడే హిందువులు తగ్గిపోయారు. కలిసి చేసుకునే పండుగ దానంతటదే విడిపోదు. ఎవరో కూర్చుని విడదీస్తారు. అక్కడ తుపాకీతో ప్రయత్నించారు, ఇక్కడ పిలుపుతో. తుపాకీ ఓడిపోయింది. పిలుపే ఎక్కువ పని చేసింది.

ట్రినిడాడ్ ఒక్కటే కాదు. ఫ్రెంచివాళ్ల గ్వాడెలూప్, మార్టినిక్ దీవులకు పోయిన తమిళ కూలీల వారసులు హిందూ దేవతలతో పాటు 'నాగూర్ మీరా'ను కొలుస్తారు. ఆయన నాగూరు దర్గాలోని షాహుల్ హమీద్ వలీ. దేశం పోయింది, భాష పోయింది. వలీ మిగిలాడు.

ఆఫ్రికా మాట వచ్చింది గనుక మా ఆదోని సంగతి కూడా చెప్పాలి. ఆదోని జామియా మసీదు కట్టించినవాడు బిజాపూర్ సుల్తానుల కింద ఆదోనిని ఏలిన సిద్దీ మసూద్ ఖాన్. జాతికి హబ్షీ, అంటే అబిసీనియావాడు. 17వ శతాబ్దంలో ఆఫ్రికా మనుషుల్ని గొలుసులతో కరేబియన్ దీవులకు తోలుతున్న రోజుల్లోనే, ఆఫ్రికా మనిషి ఒకడు ఆదోని కోటలో పాలకుడు. ఈ నేల స్వచ్ఛత గురించి మాట్లాడేవాళ్లు ఒకసారి ఆ మసీదు ముందు నిలబడి మాట్లాడితే బాగుంటుంది.

మావాళ్లకూ ఒక మాట. ట్రినిడాడ్‌లోనూ హోసే ఇస్లాం కాదన్న ముస్లిం పెద్దలున్నారు. నమాజు, రోజా ఎవరినీ మేము తక్కువ చెయ్యడం లేదు. పీరును మొక్కకపోవడం మీ ఇష్టం. కానీ దూది ఏకి బతికిన మా దూదేకులవాళ్లను, ఉర్దూ రాని పల్లె ముస్లింను, అరబ్బీ రాని పకీరును, సగం ముస్లింలని చిన్నబుచ్చే హక్కు ఎవరిచ్చారు? వాళ్లు పీర్ల చావిట్లో కూర్చుని చదివించిన చక్కెర వల్లే ఈ ఊళ్లలో మమ్మల్ని మామా, చిన్నాయనా అని వరస పెట్టి పిలిచేవాళ్లు మిగిలారు. ఆ వరసలు తెగితే కట్టడానికి ఏ సంస్థ దగ్గరా దారం లేదు.

ట్రినిడాడ్ వాళ్లు తమ మృతుల చరిత్రను రాసుకున్నారు. కెల్విన్ సింగ్ అనే చరిత్రకారుడు 1884 కాల్పుల మీద 1988లో పుస్తకమే వేశాడు. మన దగ్గర ఏ చావిడిలో ఏ పీరు ఉందో, ఎవరింటివాళ్లు ఎత్తుకుంటారో, ఏ మాన్యం ఎవరి చేతిలో ఉందో ఊరూరా తిరిగి రాసిపెట్టాలి. పీరును మోసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ముందు వాళ్లను అడుగుదాం.