సురుగి మళ్ళీ వచ్చాడు

1974 ఏప్రిల్ నెలాఖరు. జపాన్‌లో తోయే కంపెనీ సినిమాలాడే హాల్లో కూర్చున్నారు మీరు. అలలు బండల మీద విరిగి పడతాయి, తోయే ముక్కోణపు ముద్ర తెర నిండా నిలుస్తుంది. ఇది ‘సత్సుజిన్‌కెన్’ రెండో భాగం. మొదటిది ఫిబ్రవరిలోనే వచ్చింది. అప్పటికి కొద్ది వారాల ముందు, డిసెంబరులో, ‘ఎంటర్ ది డ్రాగన్’ ఈ దేశాన్ని ఊపేసింది. ఆ వేడి చల్లారకముందే ఇంకో సినిమా దింపాలని తోయే ఆత్రం.

కథానాయకుడు సురుగి వేషంలో షినిచి చిబా. కావాలనే పోలీసులకు దొరికిపోతాడు. స్టేషన్లో ఉన్న మనిషి నోరు మూయించడమే అతని పని. ఆ తర్వాత ఆ పని చేయించిన ముఠా వాళ్ళు కరాటే గురువు మసావోకాను చంపమంటారు. కుదరదంటాడు. ఇక కత్తులన్నీ ఇతని మీదికే.

మసావోకా శిక్షణశాలలో కథ కాసేపు ఆగిపోతుంది. శిష్యులు సాయ్, తొన్‌ఫా, నుంచాకు అనే ఆయుధాలు తిప్పి చూపిస్తారు. నిడివి కోసం పెట్టారని పక్కవాడు గొణిగితే గొణగనీయండి, మీరు మాత్రం ఆ చేతుల్ని చూడండి. మసావోకాగా నటించిన మసఫుమి సుజుకి క్యోటోలో నిజంగానే కరాటే గురువు. డబ్బు తక్కువైన చోట నిజమైన విద్యను తెచ్చి పెట్టారు.

ఇప్పుడు చిబా ముఖం తెర నిండా వస్తుంది. వేళ్ళు గద్ద గోళ్ళలా వంగి ఉన్నాయి. ముక్కుతో గాలి పీలుస్తాడు, పొట్ట బిగిస్తాడు, ఆ గాలిని గొంతు గీరుకుంటూ వదులుతాడు. మెడనరాలు తేలతాయి, చెంపలు అదురుతాయి. గోజు-ర్యు కరాటేలో దీన్ని ఇబుకి అంటారు. చిబా గురువు మసుతత్సు ఒయామా ఆ విద్యా నేర్చినవాడే. నా దృష్టిలో ఈ సినిమా బతికేది ఆ ఊపిరి మీదే.

మధ్యమధ్య మొదటి భాగం ముక్కలే మళ్ళీ వేస్తారు, ఖర్చు కలిసొస్తుందని. పోనివ్వండి. ఒక ఫైట్‌లో సురుగి ఒకడి తల వెనక గుద్దుతాడు, వాడి కనుగుడ్లు బయటికొస్తాయి. నకిలీవని తెలుస్తూనే ఉంటుంది, అయినా హాలంతా ‘హా’ అంటుంది.

అప్పుడొస్తాడు షికెన్‌బారు. మొదటి భాగంలో సురుగి ఇతని గొంతు చీల్చేశాడు. ఇప్పుడు గొంతులో యంత్రం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. ఈ వేషం కట్టిన మసాషి ఇషిబాషికీ కరాటే వచ్చు. అందుకే ఇద్దరూ ఎదురుపడగానే సినిమా లేచి నిలబడుతుంది. ఒకడి ఊపిరి గరగర, రెండోవాడి యంత్రపు గొంతు. ఈ పగ ముందు ముఠా గొడవ ఎవరికీ గుర్తుండదు.

లేవకండి. ఒక టికెట్టుకు రెండు సినిమాలు. రెండోది అయిపోగానే ఇదే మళ్ళీ వేస్తారు. ఈసారి సురుగి పాదాలు చూడండి.