శుద్ధజాతి భావన - వంశావళి పట్టిక: డాల్మేషియన్ శునకాల చరిత్రలో ఒక సంకరణం

సంగ్రహం: డాల్మేషియన్ శునకజాతిలో మూత్రంలో రాళ్లు ఏర్పడడానికి దారితీసే ఒక జన్యులోపం జాతి మొత్తానికీ వ్యాపించింది. దాన్ని సరిచేయడానికి 1973లో అమెరికాలో జరిగిన ఒక సంకరణాన్ని నమోదు సంస్థలు ఆమోదించడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. శుద్ధజాతి అనే భావనకు ఈ జాప్యంతో గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: డాల్మేషియన్, యూరిక్ ఆమ్లం, పశ్చ సంకరణం, వంశావళి, బాధ్యతాయుత ప్రజననం.

1. ఉపోద్ఘాతం

శునకాలను జాతులుగా వర్గీకరించి, వాటి వంశావళిని పట్టికలో నమోదు చేసే పద్ధతి పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో స్థిరపడింది. బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్ 1873లో, అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1884లో ఏర్పడ్డాయి. తల్లిదండ్రులిద్దరూ ఒకే జాతి పట్టికలో ఉంటేనే పిల్లకు ఆ పట్టికలో చోటు దక్కుతుందన్న నియమం క్రమంగా బలపడింది. అలా నమోదు కోసం పుట్టిన పట్టికే శుద్ధికి ప్రమాణమైంది.

2. లోప స్వరూపం

సాధారణంగా శునకాల దేహంలో ప్యూరిన్ల నుంచి ఏర్పడే యూరిక్ ఆమ్లం కాలేయంలో అల్లంటోయిన్‌గా మారుతుంది. అల్లంటోయిన్ నీటిలో సులభంగా కరిగి మూత్రంతో బయటికి పోతుంది. డాల్మేషియన్లు మాత్రం యూరిక్ ఆమ్లాన్నే అధికంగా విసర్జిస్తాయని జీవరసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ 1916లో తెలియజేశారు. ఇది అంతర్గత లక్షణంగా వారసత్వంలో సంక్రమిస్తుందని ట్రింబుల్, కీలర్ 1938లో నిరూపించారు.

ఈ మార్పును జరిపే ఎంజైమ్ డాల్మేషియన్ కాలేయంలోనూ ఉంటుంది. యూరిక్ ఆమ్లాన్ని కణంలోకి చేరవేసే వ్యవస్థలోనే లోపముంది. మూత్రపిండాలు కూడా దాన్ని తగినంతగా తిరిగి గ్రహించలేవు. ఇది నీటిలో అంతగా కరగదు కాబట్టి కొన్ని శునకాలలో రాళ్లుగా పేరుకుంటుంది. మగ శునకాలలో ప్రసేకం సన్నగా ఉండడం వల్ల రాయి అడ్డుపడి మూత్రం పూర్తిగా నిలిచిపోవచ్చు. వెంటనే చికిత్స అందకపోతే ప్రాణాపాయం. నీరు ఎక్కువగా తాగించడం, ప్యూరిన్లు తక్కువగా ఉన్న ఆహారం పెట్టడం ముప్పును తగ్గిస్తాయే గాని మూలకారణాన్ని తొలగించవు.

3. 1973 నాటి సంకరణం

ఆరోగ్యవంతమైన జంటలనే ఎంచుకొని పిల్లలను పుట్టించడం బాధ్యతాయుత ప్రజననానికి మొదటి సూత్రం. ఇక్కడ అది సరిపోలేదు. ఎందుకంటే పట్టికకెక్కిన డాల్మేషియన్లలో లోపరహిత జన్యురూపం దొరకడం లేదు. ప్రతులన్నింటిలోనూ ఒకే లేఖక దోషం ఉన్నప్పుడు, వాటిని ఎంత పోల్చి చూసినా సరైన పాఠం దొరకదు; మరో శాఖకు చెందిన ప్రతిని ఆశ్రయించవలసిందే. జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ చేసింది ఇలాంటి పనే. ఆయన 1973లో ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ జాతి శునకంతో ఒకే ఒక్కసారి సంకరం చేశారు. ఆ సంతతిలో సాధారణ జన్యువు గలవాటిని ఎంచుకొంటూ, తరతరానా తిరిగి డాల్మేషియన్లతోనే జతపరిచారు. ఇదే పశ్చ సంకరణం. ఇందులో పాయింటర్ వారసత్వం సగటున ప్రతి తరానికీ సగమవుతుంది. పదో తరానికి మిగిలేది సుమారు 1024వ వంతు మాత్రమే.

4. ఆమోదం - నిరాకరణ

1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ సంతతికి చెందిన రెండు శునకాలను డాల్మేషియన్లుగా నమోదు చేసింది. అయితే జాతి సంఘమైన డాల్మేషియన్ క్లబ్ ఆఫ్ అమెరికా సభ్యుల నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో వాటి సంతానానికి నమోదు నిలిచిపోయింది. మచ్చల స్పష్టత తగ్గుతుందన్న సందేహం, పరజాతి రక్తంతో ఇతర లోపాలు రావచ్చన్న భయం ఆ వ్యతిరేకతలో ఉన్నాయి. వీటిని పూర్తిగా నిరాధారమని తోసిపుచ్చలేం. ఎన్నో ఏళ్లు జాతిని పోషించినవారి శ్రద్ధ కూడా వాటి వెనుక ఉంది. అయినా ఆ కాలమంతటా మూత్రం నిలిచిపోయి బాధపడింది శునకాలే.

2008లో బనాష్ బృందం ఈ లోపానికి ఎస్.ఎల్.సి.2ఎ9 జన్యువులోని ఉత్పరివర్తనమే కారణమని గుర్తించింది. మానవ రక్తంలో యూరిక్ ఆమ్ల స్థాయిని ప్రభావితం చేసేదీ ఈ జన్యువే. లోపకారక జన్యువు ఉందో లేదో నేరుగా పరీక్షించే వీలు కలగడంతో చర్చ అనుమానాల నుంచి ఆధారాల వైపు మళ్లింది. అదే ఏడాది బి.బి.సి. ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ శుద్ధజాతి శునకాల ఆరోగ్యాన్ని బ్రిటన్‌లో ప్రజాసమస్యగా మార్చింది. 2010లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఈ సంతతికి చెందిన 'ఫియోనా' అనే శునకాన్ని నమోదు చేసింది. 2011లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ కూడా ఈ సంతతికి తలుపులు తెరిచింది.

5. ముగింపు

ఈ చరిత్ర నుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, లోపం జాతి అంతటా స్థిరపడ్డాక శుద్ధిని కాపాడడమంటే లోపాన్ని కాపాడడమే అవుతుంది. రెండవది, సంకరణంతోనే బాధ్యత తీరదు. సాధారణ జన్యువు ఒక్క పాయింటర్ నుంచే వచ్చింది కాబట్టి, దాన్ని వ్యాప్తి చేసే తొందరలో కొద్దిపాటి శునకాలనే పదేపదే వాడితే జన్యువైవిధ్యం తగ్గి మరో లోపం స్థిరపడవచ్చు. ఈ జన్యువు ఒక ప్రతి ఉన్నా చాలు, యూరిక్ ఆమ్లం సాధారణ స్థాయిలోనే ఉంటుంది. అందువల్ల సాధారణ జన్యువు గల శునకాన్ని ఇప్పటి డాల్మేషియన్లతో జతపరిచి, పిల్లలను పరీక్షించి, ఎక్కువ వంశశాఖలను నిలుపుకొంటూ ముందుకు సాగే అవకాశముంది. పట్టిక జాతి కోసమే తప్ప జాతి పట్టిక కోసం కాదన్న వివేకమే బాధ్యతాయుత ప్రజననానికి పునాది.