బందరు వెంకయ్యగారి బొమ్మ

1922 మార్చి 4న బెర్లిన్ జంతుప్రదర్శనశాలలోని పాలరాతి హాల్లో ‘నోస్‌ఫెరాటు’ మొదటిసారి ఆడింది. బ్రామ్ స్టోకర్ ఇంగ్లీషు నవల ‘డ్రాక్యులా’నే పేర్లు మార్చి దర్శకుడు ముర్నౌ తీసిన మూకీ అది. స్టోకర్ అప్పటికి పదేళ్ల కిందటే పోయాడు. ఆయన భార్య ఫ్లోరెన్స్‌ని ఎవరూ అనుమతి అడగలేదు, హక్కుల డబ్బూ ఇవ్వలేదు. ఆమె కోర్టుకెక్కింది. బొమ్మ తీసిన ప్రాణ-ఫిల్మ్ కంపెనీ ఆ ఒక్క బొమ్మతోనే దివాలా తీసింది. 1925లో కోర్టు నెగెటివ్‌తో సహా కాపీలన్నీ నాశనం చెయ్యమంది. అయినా దేశం దాటిపోయిన కాపీలు బతికాయి. మెట్ల గోడ మీద పాకే ఆ గోళ్ల చేతుల నీడను ఇవాళ ఎవరైనా చూడొచ్చు.

అంతకు ఏడాది ముందు, 1921లో, మన బందరు మనిషి రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీయించారు. దాన్ని తగలబెట్టమని ఏ కోర్టూ అనలేదు. అయినా ఒక్క రీలు మిగల్లేదు. నా బాధ అక్కడే.

వెంకయ్యగారికి మద్రాసులో ఫోటో స్టూడియో ఉండేది. 1910 ప్రాంతంలో దాన్ని తాకట్టు పెట్టి క్రోనో మెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. ఒకవైపు ఫిల్ము తిరుగుతుంటే మరోవైపు గ్రామఫోను ప్లేటు తిరగాలి. ఫిల్ము కాస్త ముందుకో వెనక్కో జరిగిందా, తెర మీద పెదవులొకటి, వినబడే పాటొకటి. అంత సున్నితమైన సామాను మోసుకుంటూ ఆయన బెజవాడ, బెంగుళూరు మొదలుకొని సింహళం, రంగూన్ దాకా ఊరూరా తిరిగి బొమ్మలాడించారు. 1914 నాటికి మౌంట్ రోడ్డులో గెయిటీ థియేటరు కట్టారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టుకున్న తొలి సినిమా హాలు అది. ఆ తర్వాత క్రౌన్, గ్లోబ్.

ఆడించడంతో తృప్తిపడి ఉంటే హాయిగా బతికేవారు. కానీ కొడుకు ప్రకాష్‌ని సినిమా నేర్చుకు రమ్మని ఇంగ్లండు పంపారు. అతను తిరిగొచ్చాక ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ కంపెనీ పెట్టారు. ఎండ వెలుతురులో తీయడానికి అద్దాల కప్పుతో స్టూడియో లేపారు. ‘భీష్మ ప్రతిజ్ఞ’కు దర్శకుడూ ప్రకాషే, భీష్ముడూ ప్రకాషే. ఆ ఏడాదే బెజవాడలో మారుతీ సినిమా హాలు తెరుచుకుంది. కృష్ణా తీరానికి సినిమా కాపురానికి వచ్చిన సంవత్సరమది.

తర్వాత కథ చెప్పడానికి ఎక్కువ లేదు. అప్పులు పెరిగాయి, కంపెనీ మూతపడింది, ఆస్తులు చేజారిపోయాయి. ఇరవై ఏళ్ల కిందటే తెర మీది మనుషుల చేత పాడించిన మనిషి, 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు బొమ్మకు మాటొచ్చేసరికి చితికిపోయి ఉన్నారు. 1941లో కన్నుమూశారు. 1980లో ప్రభుత్వం ఆయన పేరిట పురస్కారం నెలకొల్పింది.

అప్పటి నైట్రేట్ ఫిల్ము తేమ తగిలితే ముందు రంగు మారుతుంది, తర్వాత జిగటెక్కి చుట్టలు చుట్టలుగా అతుక్కుపోతుంది, చివరికి గోధుమరంగు పొడిగా మారుతుంది. నిప్పంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. పూనాలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటిదాకా గడిచిన నలభై ఏళ్లలో మన మూకీలు దిక్కులేకుండా పోయాయి.

దక్షిణాదిలో బతికి బట్టకట్టిన మూకీ ‘మార్తాండవర్మ’. అదీ నవల కథే. అనుమతి లేకుండా తీశారని పుస్తకం వేసిన తిరువనంతపురం ప్రచురణకర్తలు దావా వేశారు. ప్రింటు వాళ్ల స్వాధీనమై, దశాబ్దాల తర్వాత వాళ్ల దగ్గరే ఆర్కైవ్‌కు దొరికింది. బెర్లిన్‌లో చావు రాసిన తగాదాయే ఇక్కడ ఆయుష్షు పోసింది. వెంకయ్యగారి బొమ్మ మీద అలాంటి తగాదా పెట్టుకున్నవాళ్లు కూడా లేకపోయారు. భీష్ముడి కథ అందరిదీ కదా, హక్కు నాదని ఎవరంటారు?

బందరులోనో బెజవాడలోనో ఏ పాత ఇంటి అటక మీదైనా తుప్పుపట్టిన రేకు డబ్బా కనబడితే పాత ఇనుముకు వెయ్యకండి. దీపం దగ్గర తెరవకండి. పూనా ఆర్కైవ్‌కు కబురు పెట్టండి.