తోట లైను నుంచి నర్సింగ్ హోము దాకా

"నర్సింగ్ హోము" అనగానే ఆంధ్రదేశంలో ఉన్నవారికి పురుళ్ళు పోసే, ఆపరేషన్లు చేసే ప్రైవేటు ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. మలేషియాలో ఆ మాటకు అర్థం వేరు. మంచం దిగలేనివారిని, మతిమరుపు ముదిరినవారిని ఏళ్ళ తరబడి ఉంచి చూసుకునే చోటును ఇక్కడ అలా అంటాం. పెద్దవాళ్ళను అక్కడ చేర్చడం మన ఆచారం కాదనీ, ఈ తరం తెచ్చిన అప్రతిష్ఠ అనీ మన సమావేశాల్లో తరచు వింటుంటాను. పాత సంగతులు చదువుతున్నకొద్దీ ఆ మాట సగమే నిజమనిపిస్తుంది.

మన పూర్వీకులు చాలామంది విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి కంగాణీల వెంట వచ్చారు. మద్రాసు దగ్గరి ఆవడి డిపో దాటి, ఓడ ఎక్కి, దిగువ పేరాక్ వంటి చోట్ల రబ్బరు, కొబ్బరి తోటలకు చేరారు. కూలీలను రప్పించే ఖర్చు కోసం 1907లో ఒక వలస నిధి ఏర్పడింది. అందులో సొమ్ము వేసేది తోటల యజమానులు. జబ్బుపడి పనికిరాని కూలీని తిరిగి ఇండియాకు పంపే ఖర్చు కూడా ఆ నిధే పెట్టుకునేది. ఎటూ పోలేని అశక్తుల కోసం కౌలాలంపూరులో ఒక ఆశ్రయం నడిపింది. 1930 తర్వాతి ఆర్థిక మాంద్యంలో ఇలా వెనక్కి పంపినవారు లక్షకు మించిపోయారు. అంటే, ముసలితనం వచ్చేదాకా మనిషి ఇక్కడ ఉంటాడన్న ఆలోచనే ఆ ఏర్పాటులో లేదు.

1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపేసింది. ఇక్కడ నిలిచిపోయినవారు ఇక్కడే ముసలివారయ్యారు. 1951లో ఉద్యోగుల భవిష్యనిధి వచ్చి చేతికి కాస్త డబ్బు అందింది గాని, లైను ఇల్లు మాత్రం పనితోనే ముడిపడి ఉండేది. పని మానిన ముసలాయన అదే ఇంట్లో ఉండాలంటే, చాలా తోటల్లో, కొడుకో కోడలో అక్కడే పనిలో ఉండాలి. ఉన్నంతకాలం బాగానే జరిగింది. కోడలు పాలు గీయడానికి పోతే పక్కింటి అప్ప గంజి పోసేది, ఒంట్లో బాగా లేకపోతే తోట డ్రెస్సరు వచ్చి చూసేవాడు. మనం ఉమ్మడి కుటుంబం అని గొప్పగా చెప్పుకునే దానిలో సగం బరువు మోసింది ఆ లైనే. తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో తోటలు అమ్ముడుపోయి ఇళ్ళ స్థలాలయ్యాయి. పిల్లలు పట్నాల్లో ఫ్లాట్లకు చేరారు, ఆలుమగలిద్దరూ ఉద్యోగస్థులయ్యారు. ప్రేమ తగ్గలేదు, పక్కిల్లు పోయింది.

కాబట్టి సిగ్గుపడడం మాని, తెలుసుకుని చేర్చడం మంచిది. ఈ దేశంలో ఇలాంటి చోట్లన్నీ ఒక రకం కావు. 1993 నాటి 506వ చట్టం కింద సంక్షేమశాఖలో నమోదైనవి సంరక్షణ కేంద్రాలు. అక్కడ తిండి, స్నానం, పడక చూస్తారు. 1998 నాటి 586వ చట్టం కింద ఆరోగ్యశాఖ లైసెన్సు పొందినవి అసలైన నర్సింగ్ హోములు. ముక్కు గొట్టంతో ఆహారం, పుండ్లకు కట్లు, ఇంజెక్షన్లు అవసరమైనవారికి ఇవి కావాలి. ఈ రెండు అవసరాలనూ ఒక గొడుగు కిందికి తేవాలని 2018లో 802వ చట్టం చేశారు. ఇక రుమా శ్రీ కెనాంగన్ అనే ప్రభుత్వ ఆశ్రమాలు నా అన్నవారు లేని, తమ పని తాము చేసుకోగల పేదవృద్ధులకు. మంచాన పడినవారికి రుమా ఎహ్సాన్ ఉంది. గోడ మీది బోర్డు చూసి నమ్మకుండా, ఏ శాఖ ఇచ్చిన పత్రం ఉందో చూపించమని అడగాలి.

ఇంకా కొన్ని అడగాలి. రాత్రి ఎందరు మేలుకుని ఉంటారు? వారిలో నర్సు చదివినవారు ఎవరైనా ఉన్నారా? కదలలేనివారిని ఎన్ని గంటలకొకసారి పక్కకు తిప్పుతారు? డైపర్లు, పాలపొడి, ఆసుపత్రికి తీసుకెళ్ళే ఖర్చు నెల రుసుములో కలిసే ఉన్నాయా? ముందు చెప్పకుండా ఒకసారి భోజనం వేళకు వెళ్ళి చూడాలి.

మనవాళ్ళు మరచిపోయేది భాష. మతి తప్పినకొద్దీ నడుమ నేర్చిన మలయ్, ఇంగ్లీషు జారిపోయి చిన్ననాటి మాట మిగలడం తరచు జరుగుతుంది. మా పెద్దమ్మ ఉన్నచోట ఆయాలు ఇండోనేషియా నుంచి వచ్చినవారు. ఆమె "దాహం, దాహం" అంటుంటే ఊరికే గొణుగుతోంది అనుకునేవారట. మేము ఒక అట్ట మీద రాసి మంచం దగ్గర కట్టాం: దాహం అంటే ఆయిర్, నొప్పి అంటే సాకిత్, ఆకలి అంటే లాపార్. పది మాటలే. ఆ వారం నుంచి ఆమె అరుపులు తగ్గాయి.

1955లో మలయా ఆంధ్ర సంఘంగా పుట్టిన మన సంఘం పిల్లలకు తెలుగు నేర్పడానికి ఎంతో శ్రమపడింది. అక్షరాలు దిద్దిన ఆ పిల్లలు నెలకొకసారి ఏదో ఒక హోముకు వెళ్ళి, మంచం పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడగలిగితే, నేర్చినదానికి ఇంతకన్న మంచి వినియోగం నాకు తోచడం లేదు. ఆ పక్కింటి అప్ప చేసిన పని ఇక మన సంఘాలే చేయాలి.